సోయకూర పూల మీద వాలుతున్న నారింజ పొట్ట ఈగ ఏది? గుర్తించడంలో సాయం కావాలి

సుజాత_పెరడు (ఎడిసన్, న్యూజెర్సీ):

సభ్యులందరికీ నమస్కారం. మా పెరట్లో గుమ్మడి, సొర, బీర పాదులు వేసి, వాటి గట్టు వెంట సోయకూరనూ ధనియాల మొక్కలనూ కోయకుండా పూతకు వదిలేశాను. ఆగస్టు మొదటి వారం నుంచి ఎండ బాగా కాసే వేళల్లో ఆ పూగుత్తుల మీద ఒక చిన్న ఈగ తరచూ కనిపిస్తోంది. పరిమాణంలో ఇంటి ఈగకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఛాతీ నల్లగా, పొట్ట నిగనిగలాడే నారింజ రంగులో ఉన్నాయి. రెక్కల్లో చాలా భాగం ముదురు రంగు, వెనక అంచు మాత్రం పారదర్శకంగా ఉంది. అన్నిటికంటే వింతగా తోచింది వెనక కాళ్ళు: మోకాలి కింది భాగంలో నల్లటి వెంట్రుకలు ఒత్తుగా, వరుసగా, ఈకలు కుచ్చినట్టు ఉన్నాయి.

మా వారు దీన్ని పండు ఈగ అంటున్నారు, బీర పిందెలను కాపాడుకోవాలంటే వెంటనే మందు పిచికారీ చేయాలని పట్టుబడుతున్నారు. పక్కింటివారు తేనెటీగల్లో ఏదో ఒక రకం అన్నారు. ఏదీ నిర్ధారణ కాకుండా మందు ముట్టుకోవడం నాకు ఇష్టం లేదు. మూడు ఫొటోలు జతచేశాను, తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

వేణు_డాలస్:

సుజాత గారూ, మీ వారి అనుమానంలో అర్థముంది. మా సొంతూళ్ళో కాకర, బీర, దోస పిందెలకు గంట్లు పెట్టి కుళ్ళబెట్టే పండు ఈగ కూడా ఇంచుమించు ఈ రంగులోనే ఉంటుంది. తీగజాతి కూరగాయలు ఉన్నచోట నారింజ రంగు ఈగ తిరుగుతోందంటే ముందు జాగ్రత్త పడడమే మేలని నా అభిప్రాయం.

ఈగల_పరిశీలకుడు:

సుజాత గారూ, మీరు పక్కనుంచి తీసిన రెండో ఫొటో చాలా విలువైనది. దాని ఆధారంగా చెబుతున్నాను: ఇది టాకినిడే కుటుంబంలోని ఫాసినే ఉపకుటుంబానికి చెందిన ట్రైకోపోడా ప్రజాతి ఈగ. మీ ప్రాంతాన్నీ, రంగులనూ, పెరట్లో గుమ్మడి పాదులు ఉండడాన్నీ కలిపి చూస్తే ట్రైకోపోడా పెన్నిపెస్ అనే జాతి అయ్యే అవకాశం చాలా ఎక్కువ. కీటక శాస్త్రవేత్త ఫాబ్రీసియస్ 1781లోనే దీన్ని వర్ణించాడు. ఈకల వంటి వెంట్రుకలున్న కాళ్ళను బట్టి అమెరికాలో దీన్ని ఈకకాళ్ళ ఈగగానే పిలుస్తారు. దయచేసి మందు కొట్టవద్దు, ఇది మీ బీర పిందెను ముట్టుకోదు.

ఒక్కొక్క అనుమానాన్నీ తీసుకుని ఎందుకు కాదో చెబుతాను, ఎందుకంటే పేరు కంటే ఆ పేరుకు చేరే దారి తెలిస్తేనే రేపు మరో ఈగ కనిపించినప్పుడు మీకు పనికొస్తుంది.

తేనెటీగ కాదనడానికి రెక్కలే సాక్ష్యం. తేనెటీగకు రెండు జతల రెక్కలు ఉంటాయి. ఈగకు ఒక్క జతే ఉండి, రెండో జత స్థానంలో ఎగిరేటప్పుడు తూకం నిలిపే, గుండుసూది తలల్లాంటి చిన్న అవయవాలు ఉంటాయి. వాలి ఉన్న కీటకంలో రెక్కలు లెక్కపెట్టడం కష్టమైతే తల చూడండి. మీ ఫొటోలో మీసాలు చాలా పొట్టిగా, ముఖానికి అతుక్కుని ఉన్నాయి, వాటి నుంచి ఒక సన్నని వెంట్రుక పక్కకు పొడుచుకొచ్చింది. తేనెటీగ మీసాలు పొడుగ్గా, మోచేయిలా వంగి ఉంటాయి. వెనక కాళ్ళ కుచ్చు దూరం నుంచి చూసేవారికి పుప్పొడి మూటలా కనిపించడం సహజమే.

పండు ఈగ విషయంలో వేణు గారి ఆందోళన నాకు అర్థమైంది, ఆంధ్ర, తెలంగాణల్లో తీగజాతి పంటలకు అది చేసే నష్టం చిన్నది కాదు. అయితే దాని రెక్కలు గాజులా తేటగా ఉండి, వాటి మీద గోధుమ రంగు పట్టీ, మచ్చలు ఉంటాయి. ఛాతీ ఎర్రటి గోధుమ రంగులో ఉండి పసుపు చారలు కనిపిస్తాయి. ఆడ ఈగ పొట్ట చివర పిందెలో గుచ్చి గుడ్లు పెట్టడానికి సూదిలా మొనదేలి ఉంటుంది. సుజాత గారి ఈగలో ఈ లక్షణాల్లో ఒక్కటీ లేదు. పైగా మన తీగజాతి పంటల పండు ఈగ హవాయిలో ఉందే తప్ప అమెరికా ప్రధాన భూభాగంలో స్థిరపడలేదు. కాలిఫోర్నియాలో ఎప్పుడైనా పట్టుబడితే ప్రభుత్వ యంత్రాంగం వెంటనే నిర్మూలన చర్యలు మొదలుపెడుతుంది. న్యూజెర్సీ పెరట్లో దాన్ని అనుమానించాలంటే చాలా గట్టి ఆధారం కావాలి.

పద్మావతి_రాలీ:

పరిశీలకుడు గారికి ఒక సందేహం. టాకినిడే ఈగలంటే ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట మీద, బిరుసైన ముళ్ళ వెంట్రుకలు ఉండాలని చదివాను. ఈ ఫొటోలో పొట్ట నున్నగా ఉంది. పూల మీద గాలిలో నిలబడి ఎగిరే సిర్ఫిడ్ ఈగల్లో కూడా నారింజ, నలుపు రంగులవి చాలా ఉన్నాయి కదా, ఇది వాటిలో ఒకటి ఎందుకు కాకూడదు?

ఈగల_పరిశీలకుడు:

పద్మావతి గారూ, చాలా మంచి ప్రశ్న, ఈ ఈగను గుర్తించడంలో ఎక్కువ మంది తడబడేది సరిగ్గా ఇక్కడే. ముళ్ళ వెంట్రుకల లక్షణం ఈ కుటుంబంలో చాలా వాటికి వర్తిస్తుంది గాని అన్నిటికీ కాదు. ప్రపంచవ్యాప్తంగా సుమారు 8,500 జాతులను వర్ణించిన కుటుంబం ఇది, అంత పెద్ద కుటుంబంలో మినహాయింపులు తప్పవు. ఫాసినే ఉపకుటుంబంలో చాలా జాతులకు ఒళ్ళు నున్నగా, వెంట్రుకలు పొట్టిగా ఉంటాయి. అందుకే వీటిని చూసినవారు సిర్ఫిడ్ అనో, కందిరీగ అనో రాసుకుంటారు.

సిర్ఫిడ్ కాదని తేల్చడానికి రెక్క ఈనెలు చూడాలి. సిర్ఫిడ్ ఈగల్లో చాలావాటి రెక్క మధ్యలో ఏ ఈనెతోనూ కలవకుండా మొదలై, ఏ ఈనెతోనూ కలవకుండా ముగిసే ఒక దొంగ ఈనె ఉంటుంది. టాకినిడే రెక్కలో అది ఉండదు. దానికి బదులు, మధ్య ఈనె రెక్క కొసకు చేరకముందే ముందుకు గట్టిగా వంగుతుంది. సుజాత గారి మొదటి ఫొటోలో రెక్క ముదురు రంగులో ఉన్నా, వెలుతురు వెనకనుంచి పడడం వల్ల ఆ వంపు స్పష్టంగా తెలుస్తోంది. రెక్క మొదట్లో వెనకవైపు తెల్లటి పొర లాంటి తమ్మె కూడా పెద్దదిగా ఉంది, సిర్ఫిడ్‌లలో అది అంత పెద్దదిగా కనిపించదు.

వీటన్నిటి కంటే గట్టి లక్షణం మరొకటి ఉంది. ఛాతీ చివర, పొట్టకు పైన, త్రికోణంలా ఉండే ఫలకం కింద రెండో ఉబ్బు ఒకటి ఉంటుంది. పక్కనుంచి చూస్తే ఒక ముద్ద కింద మరో చిన్న ముద్ద పెట్టినట్టు కనిపిస్తుంది. ఆ కింది ఉబ్బు బలంగా ఉంటే టాకినిడే అని చెప్పడానికి సాధారణంగా అది చాలు. రెండో ఫొటో విలువైనదని అన్నది అందుకే.

పూల మీదికి వచ్చే బదనిక ఈగల్లో, అంటే ఇతర కీటకాల ఒంట్లో పెరిగేవాటిలో, మరి రెండు గుంపులను కూడా ఇక్కడే పక్కన పెట్టేద్దాం. కోనోపిడ్ ఈగలకు తల లావుగా, నడుము సన్నగా, నోటి గొట్టం పొడవుగా ఉంటాయి, అవి ఎక్కువగా తేనెటీగలు, కందిరీగల ఒంట్లో పెరుగుతాయి. బాంబిలిడ్ ఈగలు చాలావరకు నూగుతో నిండి ఉంటాయి. ఈ రెండిట్లోనూ వెనక కాలికి ఇలాంటి కుచ్చు ఉండదు.

హిందూపురం_వాసి:

టాకినిడే అన్న పేరు చూడగానే ఆగిపోయాను. మాది పట్టుపురుగులు పెంచే కుటుంబం. ఊజీ ఈగ కూడా ఈ కుటుంబంలోదేనని మా సెరికల్చర్ అధికారులు చెప్పేవారు. 1980లో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన పట్టుగూళ్ళతో పాటు అది కర్ణాటకలో అడుగుపెట్టింది, అక్కడి నుంచి మా ప్రాంతానికి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. ఈగ పురుగు మీద తెల్లటి గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు లోపలికి దూరిన చోట నల్లటి మచ్చ పడుతుంది. గూడు కట్టాక వస్తే అది గూటికి రంధ్రం చేసుకుని బయటికి పోతుంది, ఆ గూటి నుంచి దారం తీయడానికి వీలుండదు. కిటికీలకు నైలాన్ వల లేని పెంపకపు ఇల్లు మా దగ్గర ఉండదు. అలాంటి కుటుంబానికి చెందిన ఈగను వదిలేయమని ఎలా చెప్పగలుగుతున్నారో వివరిస్తే సంతోషం.

ఈగల_పరిశీలకుడు:

మీ ప్రశ్న న్యాయమైనది, దానికి జవాబు ఆతిథ్య కీటకంలో, అంటే ఈగ ఏ కీటకం ఒంట్లో పెరుగుతుందో దానిలో, ఉంది. టాకినిడే ఈగలన్నీ ఇతర కీటకాల, కొద్ది సందర్భాల్లో కీళ్ళ కాళ్ళున్న మరికొన్ని జీవుల, ఒంట్లో పెరిగి చివరికి వాటిని చంపేవే. ఊజీ ఈగ, అంటే ఎక్సోరిస్టా బాంబిసిస్, పెరిగేది మనం పెంచే పట్టుపురుగులో కాబట్టి అది రైతుకు శత్రువు. ఊజీని అదుపు చేయడానికి మీ ప్రాంతంలో నెసోలింక్స్ థైమస్ అనే బుల్లి కందిరీగలను వదులుతారు కదా, అవి ఆ ఈగ ప్యూపాల మీద బతికే బదనికలే. ఎవరి ఒంట్లో ఎవరు పెరుగుతున్నారన్నది చూడకుండా కుటుంబం పేరు చూసి తీర్పు చెప్పడం కుదరదు.

ఫాసినే ఈగలకు గొంగళి పురుగులతో పని లేదు. అవి దాదాపు పూర్తిగా నల్లి జాతి కీటకాల మీదే ఆధారపడతాయి. ట్రైకోపోడా పెన్నిపెస్‌కు ఇష్టమైన ఆతిథ్య కీటకాలు రెండు. ఒకటి ఉత్తర అమెరికాలో గుమ్మడి పాదులను పీల్చి వాడగొట్టే స్క్వాష్ బగ్, రెండోది ఆకుపచ్చ కంపు నల్లి. అమెరికాలో గుమ్మడి పెంచే మనవాళ్ళలో స్క్వాష్ బగ్ బాధ పడనివారు అరుదు.

సుజాత గారూ, మీకు ఒక చిన్న పని చెబుతాను. ఈ ఈగ పేరు పూల మీద కంటే గుమ్మడి ఆకు కింద మరింత ఖచ్చితంగా తేలుతుంది. స్క్వాష్ బగ్‌లను పట్టుకుని వాటి పొట్ట, ఛాతీ పక్కలనూ అడుగు భాగాన్నీ చూడండి. సన్నటి తెల్లని గుడ్లు అతుక్కుని ఉన్నాయేమో గమనించండి. స్క్వాష్ బగ్ తన సొంత గుడ్లు ఆకు వెనక, ఈనెల మూలల్లో, రాగి రంగులో గుంపుగా పెడుతుంది, వాటితో దీన్ని కలిపేసుకోకండి.

సుజాత_పెరడు (ఎడిసన్, న్యూజెర్సీ):

పరిశీలకుడు గారికి ధన్యవాదాలు. సాయంత్రం పాదుల కింద ఒక చెక్క పలక పరిచి ఉంచి, తెల్లారాక తిప్పి చూస్తే దాని కింద స్క్వాష్ బగ్‌లు గుంపుగా చేరి ఉన్నాయి. వాటిలో చాలావాటి ఒంటి మీద మీరు చెప్పిన తెల్లటి గుడ్లు కనిపించాయి. ఒక దాని మీద నాలుగైదు గుడ్లు కూడా ఉన్నాయి. దగ్గరనుంచి తీసిన ఫొటోలు పెడుతున్నాను. అన్ని గుడ్లు పెడితే అన్ని ఈగలు వస్తాయా? ఇలా గుడ్లు ఉన్న నల్లులను ఏం చేయమంటారు? చెక్క కింద దొరికినవాటిని సబ్బు నీళ్ళలో వేసేయడమే ఇప్పటివరకు మా అలవాటు.

ఈగల_పరిశీలకుడు:

ఈ ఫొటోలతో నా సందేహం పూర్తిగా తీరింది. తెల్లటి, కోలగా ఉన్న, బల్లపరుపుగా అతుక్కున్న గుడ్లు ఇవి, మీ పెరట్లో ఈకకాళ్ళ ఈగ ఉందనడానికి ఇంతకంటే రుజువు అవసరం లేదు.

ఒక నల్లి మీద ఎన్ని గుడ్లు ఉన్నా చివరికి లోపల బతికేది సాధారణంగా ఒక్క లార్వానే. గుడ్డు పొదిగాక లార్వా గుడ్డు అడుగునుంచే నల్లి చర్మాన్ని తొలుచుకుని నేరుగా లోపలికి పోతుంది, బయట తిరిగే దశ దానికి ఉండదు. అందువల్ల గుడ్డు పెంకు బయట అలాగే ఉండిపోతుంది, మనం చూసే గుడ్లలో కొన్ని ఖాళీ పెంకులు కావచ్చు. పిల్ల నల్లి మీద గుడ్డు పెట్టినప్పుడు, లార్వా లోపలికి దూరకముందే నల్లి చర్మం వదిలితే గుడ్డు ఆ చర్మంతో పాటే పోతుంది, ఆ నల్లి బయటపడినట్టే. పెద్ద నల్లుల మీద గుడ్లు పెట్టడంలో ఈగకు ఇదొక లాభం.

లోపల దాదాపు రెండు వారాలు పెరిగాక లార్వా నల్లి పొట్ట చివరి భాగం నుంచి బయటికి వచ్చి నేలలోకి దిగుతుంది. ఆ తరవాత నల్లి చచ్చిపోతుంది. లార్వా మట్టిలో తన చివరి చర్మం లోపలే ముదురు ఎరుపు గోధుమ రంగు ప్యూపాగా మారి, వేసవిలో సుమారు రెండు వారాలకు ఈగగా వస్తుంది. పెద్ద ఈగకు కావలసిందల్లా మకరందం. నోరు పొట్టిది కాబట్టి లోతైన పూలు దానికి అందవు, సోయకూర, ధనియాలు, సోంపు, అడవి క్యారెట్ లాంటి తెరుచుకున్న చిన్న పూలే కావాలి. మీరు సోయకూరను పూతకు వదలడం ఈ ఈగను మీ పాదుల దగ్గర నిలబెట్టింది.

ఇక గుడ్లు ఉన్న నల్లుల సంగతి. వాటిని సబ్బు నీళ్ళలో వేయకుండా తిరిగి వదిలేయమని నా సలహా. గుడ్లు లేనివాటినీ, రాగి రంగు గుడ్ల గుంపులనూ, బూడిద రంగు పిల్ల నల్లులనూ మాత్రం నిర్మొహమాటంగా తీసేయండి.

వేణు_డాలస్:

ఈగ గుర్తింపు విషయంలో మీ వివరణతో ఏకీభవిస్తున్నాను, అయితే చివరి సలహాతో కాదు. గుడ్డు అతుక్కున్న నల్లి ఆ రోజే చచ్చిపోదు కదా. లార్వా లోపల పెరిగేంత కాలం అది గుమ్మడి రసం పీలుస్తూనే ఉంటుంది. స్క్వాష్ బగ్ ఆకులు వాడేలా చేయడమే కాక, తీగ పసుపు తెగులు బ్యాక్టీరియాను కూడా మోసుకొస్తుందని ఇక్కడి వ్యవసాయ విస్తరణ కేంద్రాల వారు చెబుతారు. పెరట్లో ఉన్నవి నాలుగు పాదులైతే, వచ్చే ఏటి ఈగల కోసం ఈ ఏటి గుమ్మడిని ఎందుకు పణంగా పెట్టాలి?

ఈగల_పరిశీలకుడు:

వేణు గారూ, మీ మాటలో నిజముంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. ఈగ సోకిన నల్లి కొంతకాలం తింటుంది, ఆడదైతే మొదట్లో కొన్ని గుడ్లు కూడా పెట్టగలదు. కాబట్టి ఈ ఈగ ఒక్కటే పంటను కాపాడుతుందని నేను చెప్పను. పాదు లేతగా ఉండి, నల్లుల సంఖ్య దాన్ని మించిపోతున్నప్పుడు దొరికినవన్నీ ఏరేయడంలో తప్పు లేదు. సుజాత గారి పాదులు మాత్రం ఆగస్టులో కాపుమీద ఉన్నాయి, ఈ దశలో గుడ్లు ఉన్న కొద్ది నల్లులు తాగే రసానికి ముదురు పాదు తట్టుకుంటుంది. వాటిలోంచి వచ్చే ఈగలు అదే నెలలో మరికొన్ని నల్లుల మీద గుడ్లు పెడతాయి. నాకు లెక్క ఈగవైపే మొగ్గుతోంది.

అసలు చిక్కు చలికాలంలో వస్తుంది. ఈ ఈగ లార్వా దశలో, బతికున్న నల్లి ఒంట్లోనే చలికాలం గడుపుతుంది. నల్లులు ఎండు తీగల కింద, చెత్త కింద దాక్కుంటాయి. కోత అయ్యాక ఆ చెత్తంతా తీసేయమన్న సలహా నల్లుల పరంగా సరైనదే, కానీ దానితో పాటు లోపలున్న ఈగలూ పోతాయి. ఎండు తీగలను తీసేటప్పుడు దొరికే పెద్ద నల్లుల అడుగు భాగం చూసి, తెల్ల గుడ్ల పెంకులు ఉన్నవాటిని తోట అంచున ఆకుల కుప్పలో వదిలి, మిగతావాటిని తీసేస్తే రెండు పక్షాలకూ న్యాయం జరుగుతుంది. పని కాస్త ఎక్కువే, కాని నాలుగు పాదుల పెరట్లో అది చేయలేనంత పని కాదు.

పద్మావతి_రాలీ:

వేప నూనె సంగతి కూడా చెప్పండి. మా ఇంట్లో ప్రతి తెగులుకూ అదే మందు.

ఈగల_పరిశీలకుడు:

పిల్ల నల్లుల మీద పని చేస్తుంది, ముదిరిన నల్లుల మీద దాని ప్రభావం తక్కువ. కొట్టదలిస్తే సూర్యాస్తమయం తరవాత, గుమ్మడి ఆకు వెనక మాత్రమే కొట్టండి. సోయకూర, ధనియాల పూల మీద ఏ మందూ పడనీయకండి, మన మిత్ర పురుగులన్నీ అక్కడే తింటున్నాయి.

గుంటూరు_రైతు:

ఈ చర్చ మొదటినుంచీ శ్రద్ధగా చదివాను. మా పొలంలో విత్తనానికి వదిలిన ధనియాల చేలో పూత సమయంలో నారింజ రంగు గుండ్రటి పొట్ట ఉన్న చిన్న ఈగలు తిరగడం చూశాను. పక్క చేలో ఆకుపచ్చ కంపు నల్లులు కూడా ఉన్నాయి. ఇది కూడా అమెరికాలో కనిపించిన ఈగేనా? కాకపోతే దీన్ని తెప్పించుకుని మన దగ్గర వదలడం సాధ్యమా?

ఈగల_పరిశీలకుడు:

నమస్కారం అండీ. ట్రైకోపోడా ప్రజాతి అమెరికా ఖండాలకు చెందినది, కాబట్టి మీ చేలోది అది కాదు. అయితే ఫాసినే ఉపకుటుంబం మన దేశంలోనూ ఉంది. గుండ్రటి నారింజ పొట్ట, పొట్ట మీద నల్లటి చుక్కలు ఉంటే గిమ్నోసోమా ప్రజాతిని ముందుగా పరిశీలించాలి, అది కూడా కంపు నల్లుల ఒంట్లో పెరిగేదే. దాని వెనక కాళ్ళకు ఈకల కుచ్చు ఉండదు, తొలి చూపులోనే తేడా తెలుస్తుంది.

తెప్పించుకోవడం గురించి మీరు అడగడం సహజమే, ఎందుకంటే అలాంటి ప్రయత్నాలు జరిగాయి. ఆకుపచ్చ కంపు నల్లిని అదుపు చేయడానికి 1962లో హవాయికి ఈ ప్రజాతిలోని దగ్గరి జాతి ఈగను తీసుకెళ్ళారు. 1990లలో ఆస్ట్రేలియా అర్జెంటీనా నుంచి ట్రైకోపోడా జియాకొమెల్లీని తెచ్చి వదిలింది. ఎవరూ వదలకుండానే పెన్నిపెస్ 1980ల చివర్లో ఇటలీలో కనిపించింది. కానీ విదేశీ కీటకాన్ని దేశంలోకి తేవాలంటే క్వారంటైన్ అనుమతి, దాని ఆతిథ్య కీటకాల మీద సుదీర్ఘ పరీక్షలు తప్పనిసరి, అవి పరిశోధన సంస్థలు చేయవలసిన పనులు. కంపు నల్లులన్నీ శత్రువులు కావు, వాటిలో గొంగళి పురుగులను తినేవి కూడా ఉన్నాయి, కొత్త ఈగ వాటి మీద పడదని ముందు తేలాలి. మీ చేలో ఇప్పటికే ఉన్న ఈగను గుర్తించి నిలబెట్టుకోవడం మీ చేతిలో ఉన్న పని.

దాన్ని ఈ వేదికలో ఖచ్చితంగా గుర్తించాలంటే ఫొటోలు ఇలా కావాలి: పైనుంచి ఒకటి, పొట్ట మీది చుక్కలు కనిపించేలా, సరిగ్గా పక్కనుంచి ఒకటి, ఛాతీ చివరి ఉబ్బు తెలిసేలా, రెక్క విప్పి ఉన్నప్పుడు వెలుతురుకు ఎదురుగా ఒకటి, ఈనెల వంపు కోసం, ముఖం ఎదుటినుంచి ఒకటి. ఉదయం మంచు ఆరకముందు ఈగలు మందకొడిగా ఉంటాయి, అప్పుడు దగ్గరికి వెళ్ళడం తేలిక. వీటితో పాటు పక్క చేలోని కంపు నల్లులను కొన్ని పట్టి, ఛాతీ మీద, రెక్కల కింద గుడ్లు ఉన్నాయేమో చూడండి. గుడ్లు దొరికితే ఆ నల్లిని తడి మట్టి పోసిన సీసాలో, తినడానికి చిక్కుడు కాయలు వేసి, మూతికి పలుచటి గుడ్డ కట్టి ఉంచండి. మట్టిలోంచి ఈగ వచ్చిందంటే, ఏ ఈగ ఏ నల్లిలో పెరిగిందో మన రాష్ట్రం నుంచే ఒక నమ్మదగిన నమోదు దొరుకుతుంది.

గుంటూరు_రైతు:

తప్పకుండా చేస్తానండీ. ధనియాల పూత ఇంకా ఉంది. సీసా ఈ రాత్రికే సిద్ధం చేసి, ఫొటోలు ఈ చర్చలోనే పెడతాను.